ట్విస్టు తెలిసిపోయాక కూడా నిలబడే పుస్తకమే కొనండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: నాగర్‌కర్నూల్ నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ బస్సులో పోయి జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి వస్తారు, దారిలో చదువుకోవడానికి టైమ్ దొరుకుతోంది. అందరూ ఆకాశానికెత్తుతున్నారని మిస్టరీలు కొంటే నిరాశపడ్డారు. ఇంగ్లీషు చదవగలను గానీ నెమ్మదిగా అన్నారు. నిజంగా డబ్బు పెట్టదగ్గ మిస్టరీలు ఏవి, ఇప్పటి నవలలు ఏవి, తెలుగు మాత్రమే చదివే మీ అమ్మకు ఏమివ్వొచ్చు అని అడిగారు.

సూటిగా చెప్తా. నేను ఈమధ్య చదివినవాటిలో కొనదగ్గ మిస్టరీలు కీగో హిగాషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్', ఆయనదే 'మాలిస్'. ఎవరి దగ్గరైనా దొరికితే చదివి ఇచ్చేయదగ్గవి 'మ్యాగ్‌పై మర్డర్స్', 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్'. వదిలేయాల్సింది 'ది సైలెంట్ పేషెంట్'. ఇప్పటి నవలల్లో వివేక్ శానభాగ 'ఘాచర్ ఘోచర్', పెరుమాళ్ మురుగన్ 'పైర్', క్లేర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్'. అమ్మకు డాక్టర్ కేశవరెడ్డి 'మునెమ్మ'. పేర్లు చాలనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. ఎందుకు అనేది కింద రాస్తున్నా. మీ రుచి వేరైతే ఎక్కడ వేరో మీకే తెలుస్తుంది.

ఎవరో ఏమిటో చెప్పకుండా తీర్పులిస్తే బాగుండదు కదా. నల్గొండలో మా ఇంటి ముందు గదిలో అద్దె పుస్తకాల షాపు నడిపేదాన్ని. డిపాజిట్ కట్టించుకోవడం, రిజిస్టర్‌లో రాసుకోవడం, రోజుకింత అని అద్దె. కొత్త పుస్తకం రాగానే అట్ట ఊడకుండా బైండింగ్ చేయించేవాళ్లం. టీవీ సీరియళ్లు వచ్చాక గిరాకీ మెల్లగా పడిపోయింది, షట్టర్ దించేశాం. చదవడం మాత్రం ఆగలేదు. మా అబ్బాయి కొనిచ్చిన కిండిల్‌లో కొన్ని, హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి కొన్ని.

షాపుకు ఒక పెద్దమనిషి వచ్చేవాడు. డిటెక్టివ్ నవల తీసుకెళ్తే, తిరిగిచ్చేటప్పుడు లోపలి అట్ట మీద పెన్సిల్‌తో సన్నగా హంతకుడి పేరు రాసి ఇచ్చేవాడు. రబ్బరు పెట్టి రుద్దినా నొక్కి రాసిన గాట్లు పోయేవి కావు. లైటు కింద కాస్త వంచి పట్టుకుంటే పేరు చదువుకోవచ్చు. ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు, షాపులో నిలబడి పుస్తకం వంచి చూసేవాళ్లు కూడా ఉండేవాళ్లు. కొన్ని నవలలు ఆ పేరు పడ్డ రోజే చచ్చిపోయేవి, మళ్లీ ఎవరూ ముట్టేవాళ్లు కాదు. కొన్ని మాత్రం పేరుతో సహా అద్దెకు పోతూనే ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అట్ల పోయేవి. యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎట్ల పట్టుకుంటారో చూడాలని తీసుకెళ్లేవాళ్లు, ఎవరిని పట్టుకుంటారన్నది వాళ్లకు పెద్ద విషయం కాదు. అప్పటినుంచి నా కొలత ఇదే: హంతకుడి పేరు అట్ట మీదే రాసి ఉన్నా చివరిదాకా చదివించేది మంచి మిస్టరీ. ఒక్క చివరి పేజీ కోసం మూడొందల పేజీలు లాగించేదానికి అద్దె దండగ, ఇక కొనడం ఎందుకు?

'సస్పెక్ట్ ఎక్స్' ఈ కొలతకు సరిగ్గా సరిపోతుంది. 2005లో జపాన్‌లో వచ్చిన నవల, అక్కడి నవోకి బహుమతి కూడా వచ్చింది. హంతకులెవరో మొదట్లోనే మన కళ్ల ముందే తెలిసిపోతుంది. యాసుకో అనే ఆమె, కూతురితో ఉంటూ లంచ్ బాక్సులు అమ్మే షాపులో పని చేస్తుంటుంది. విడాకులిచ్చిన మొగుడు వెతుక్కుంటూ వచ్చి పీడిస్తే, ఆ పెనుగులాటలో తల్లీకూతుళ్ల చేతిలో చచ్చిపోతాడు. పక్కింట్లో ఇషిగామి అనే లెక్కల టీచర్ ఉంటాడు. ఒంటరివాడు, మాట తక్కువ. తలుపు తట్టి, 'ఇక అంతా నేను చూసుకుంటా' అన్నట్టు రంగంలోకి దిగుతాడు. అక్కడినుంచి ఆయన కట్టిన గోడను పోలీసులు, ఆయనతో చదువుకున్న యుకావా అనే భౌతికశాస్త్రవేత్త ఎట్ల కూలుస్తారన్నది కథ.

మీరు లెక్కలు చెప్తారు కాబట్టి ఇంకో మాట. ఇషిగామి క్లాసులో పిల్లాడొకడు, ఈ కాలిక్యులస్ మాకెందుకు పనికొస్తుందని అడుగుతాడు. ఆ పిల్లాడికి బైక్ రేసులంటే ఇష్టమని తెలిసి, దాంతోనే జవాబు చెప్తాడాయన. చిన్న సీను. కానీ ఈ మనిషికి లెక్క అంటే ఏమిటో అక్కడ మనకు అర్థమవుతుంది, తర్వాత ఆయన చేసేదంతా ఆ లెక్కలోంచే వస్తుంది. మొదటి అధ్యాయంలో ఇంటినుంచి బడికి నడిచిపోవడం ఉంటుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. బస్సు కుదుపుల్లో దాన్ని తిప్పేయకండి.

'దృశ్యం చూశాంగా, ఇదీ అదే' అని కొందరంటారు. తల్లీకూతుళ్లు, ఒక శవం, పోలీసుల ముందు తడబడకుండా చెప్పే సాక్ష్యం, అంతవరకే పోలిక. ఆ తర్వాత దారి పూర్తిగా వేరు. నాకు నచ్చనిది కూడా చెప్పాలి. యాసుకోకు సొంత బుద్ధి ఇవ్వలేదు రచయిత. ఎవరేం చెబితే అది చేస్తూ, మధ్యలో భయపడుతూ ఉంటుంది. చివరి అధ్యాయం అయ్యాక ఇషిగామి మీద జాలితో పాటు ఒక కోపం కూడా మిగులుతుంది. ఆ కోపం ఎందుకో చెప్తే నేనూ పెన్సిల్ పట్టుకున్నట్టే.

'మాలిస్' ఇంకా విచిత్రం. పేరున్న రచయిత ఒకాయన దేశం వదిలి కెనడా వెళ్లబోయే ముందు రాత్రి సొంతింట్లో హత్యకు గురవుతాడు. శవాన్ని చూసింది ఆయన భార్య, ఒక స్నేహితుడు. కాగా అనే డిటెక్టివ్ నేరస్తుణ్ని తొందరగానే పట్టేస్తాడు. అప్పటికి ఇంకా బోలెడు పేజీలు మిగిలి ఉంటాయి. ఎందుకు చంపాడు? ఈ ఒక్క ప్రశ్న మీద నవలంతా నడుస్తుంది. ఒకసారి నమ్మిస్తారు, మళ్లీ ఆ నమ్మకాన్ని పీకేస్తారు. అధ్యాయాలు ఒకరి రాతలోంచి ఇంకొకరి నోట్స్‌లోకి మారుతుంటాయి. ఎవరు రాస్తున్నారో చూసుకుంటూ చదవండి, అసలు ఆట అక్కడే ఉంది. చిన్నప్పుడు బడిలో జరిగే వేధింపులు పెద్దయ్యాక ఏమవుతాయన్నది ఇందులో నన్ను బాగా పట్టుకుంది. టీచర్లు చదవాల్సిన పుస్తకం అని కూడా అంటా. భాష సులువు, వాక్యాలు చిన్నవి, నెమ్మదిగా చదివేవాళ్లకు ఇబ్బంది ఉండదు. మీరు దీంతోనే మొదలుపెట్టండి.

'మ్యాగ్‌పై మర్డర్స్' గురించి నాకు కొంచెం పక్షపాతం ఉంది. ఆంటొనీ హోరోవిట్జ్ రాసింది, 2016లో వచ్చింది. ఇందులో నవల లోపల ఇంకో నవల. లోపలిది 1955 నాటి ఇంగ్లండ్ పల్లెటూళ్లో జరిగే హత్య కథ. సరిగ్గా హంతకుడు ఎవరో చెప్పబోయే చోట పేజీలు ఉండవు. ఆ నవలను అచ్చు వేయాల్సిన ఎడిటర్ సూసన్, పోయిన ఆ చివరి అధ్యాయం కోసం వెతకడం మొదలుపెడుతుంది. అద్దె షాపు నడిపినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. బైండింగ్ పాడై చివరి ఫారం (పదహారు పేజీల కట్ట) ఊడిపోయిన పుస్తకం చూసుకోకుండా ఇచ్చామంటే, రాత్రి భోజనాలవేళ తలుపు తట్టేవాళ్లు. 'అక్కా, చివరికి ఏమైందో చెప్పు, నిద్ర పట్టదు' అని గుమ్మంలోనే నిలబడేవాళ్లు. అద్దె తిరిగివ్వమని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు, కథ చెప్పమనే అడిగేవాళ్లు.

అందుకే ఆ నవల మధ్యలో పేజీలు ఆగిపోయినప్పుడు నాకు నవ్వొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే లోపలి నవల ఉన్నంత చక్కగా బయటి కథ లేదు. సూసన్ భాగంలో సాగతీత ఉంది, పేర్లలో అక్షరాలు అటూ ఇటూ మార్చే ఆటలు నాకు చిన్నపిల్లల పజిల్‌లా అనిపించాయి. పైగా మందంగా ఉంటుంది, నిలబడి ప్రయాణం చేసేటప్పుడు ఒంటి చేత్తో పట్టుకోలేరు. సీటు దొరికిన రోజుకే.

రిచర్డ్ ఆస్మన్ 'థర్స్‌డే మర్డర్ క్లబ్' 2020ది. రిటైరైనవాళ్లుండే కాలనీలో నలుగురు ముసలాళ్లు ప్రతి గురువారం కూర్చుని పాత కేసుల ఫైళ్లు తిరగేస్తుంటారు. ఇంతలో వాళ్ల పక్కనే నిజం హత్య జరుగుతుంది. మిస్టరీగా చూస్తే వదులు. ఆధారాలు అవసరమైనప్పుడు వాటంతట అవే వచ్చి ఒళ్లో పడతాయి, దారాలు ఎక్కువ, ముడులు తక్కువ. అయినా పుస్తకం కింద పెట్టలేదు నేను. జాయిస్ డైరీ కోసం చదివా. పోలీసు ఉద్యోగం చేసిన పెన్నీ అనే స్నేహితురాలు కోమాలో ఉంటే, ఎలిజబెత్ ఆమె మంచం పక్కన కూర్చుని కేసు సంగతులు చెప్తూ ఉంటుంది. ఇంట్లో భర్తకు మతిమరుపు జబ్బు ముదురుతుంటే, ఎలిజబెత్ అది నలుగురికీ తెలియకుండా కప్పిపుచ్చుతూ బతుకుతుంటుంది. ఆ పేజీలు నా వయసువాళ్లకు వేరేగా తగులుతాయి. మీ వయసుకు ఇది సరదా పుస్తకం మాత్రమే కావొచ్చు, అందుకే కొనమని చెప్పడం లేదు.

ఇప్పుడు 'సైలెంట్ పేషెంట్'. దీన్ని వద్దంటే కొంతమందికి కోపం వస్తుంది, తెలుసు. అలెక్స్ మైకెలిడీస్ రాసిన ఈ నవల 2019లో వచ్చి తెగ అమ్ముడైంది. ఎలీషియా అనే చిత్రకారిణి మొగుణ్ని ఐదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడదు. థియో అనే సైకోథెరపిస్టు ఆమె నోరు తెరిపించాలని వస్తాడు. మొదలు అద్భుతం, ఒప్పుకుంటా. కానీ పేషెంటును చూడాల్సిన మనిషి ఆమె చుట్టాల ఇళ్లకూ స్నేహితుల ఇళ్లకూ పోయి పోలీసులా ఆరా తీస్తుంటే ఆసుపత్రిలో గట్టిగా అడిగేవాళ్లే ఉండరు. ఆమె డైరీలో ఎవరి మాటలు వాళ్లవి పూర్తి సంభాషణలుగా ఉంటాయి. డైరీ అట్ల ఎవరు రాసుకుంటారు? ఇక చివరి ట్విస్టు. అది కథలోని మనుషుల మధ్య దాగిన రహస్యం కాదు, రచయిత మన దగ్గర మాత్రమే దాచిన విషయం. మోసపోయినట్టు ఉంటుంది తప్ప ఓడిపోయినట్టు ఉండదు. మంచి మిస్టరీ చేతిలో పాఠకుడు ఓడిపోవాలి, మోసపోకూడదు. మా పెద్దమనిషి దీని అట్ట మీద ఒక్క పేరు రాస్తే చాలు, పుస్తకం ఖతం. మీరు కొన్న వాటిలో ఇదీ ఉందని నా అనుమానం.

జపాన్ పాత మిస్టరీలు ఇప్పుడు వరుసగా ఇంగ్లీషులోకి వస్తున్నాయి కాబట్టి రెండు మాటలు. యుకితో అయాత్సుజి 'ది డెకగన్ హౌస్ మర్డర్స్' (1987) మెదడుకు మేత. కాలేజీ పిల్లలు ఒక దీవికి పోతారు, ఒక్కొక్కరే చస్తుంటారు. ఒకే ఒక్క వాక్యంతో మొత్తం కథ తలకిందులవుతుంది, ఆ వాక్యం దగ్గర నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకున్నా. కానీ ఎవరు పోయినా మనకు బాధ ఉండదు, మనుషులకు ప్రాణం పోయలేదు కాబట్టి. లెక్కల మాస్టారికి నచ్చొచ్చు.

సెయిషి యోకోమిజో 'ది హోంజిన్ మర్డర్స్' దానికి భిన్నం. 1946లో రాసింది, కథ 1937లో జరుగుతుంది. పేరున్న పాత వంశం, పెద్ద భవంతి, వాళ్ల అంతస్తుకు తగదని అందరూ సణిగిన పెళ్లికూతురు. పెళ్లి రాత్రే కొత్త దంపతులు శవాలవుతారు, గది లోపలినుంచి మూసి ఉంటుంది, బయట మంచు మీద అడుగుల జాడ లేదు. చంపిన పద్ధతి వివరించే చోట నాకు బొమ్మ గీసుకుంటే తప్ప అర్థం కాలేదు, మరీ అంత యంత్రాంగం నమ్మడం కష్టం. కానీ వంశం, పరువు, ఊళ్లో తల దించుకోకూడదనే పట్టుదల, వీటి గురించి చదువుతుంటే జపాన్ ఎక్కడో ఉన్నట్టు అనిపించదు. గడీల కథలు వింటూ పెరిగిన నల్గొండ, పాలమూరు పాఠకులకు ఆ ఇల్లు బాగా తెలిసిన ఇల్లే.

అగాథా క్రిస్టీ గురించి కొత్తగా చెప్పేదేముంది. 'అండ్ దెన్ దేర్ వర్ నన్' (1939) ఈమధ్య మళ్లీ చదివా. హంతకుడు ఎవరో తెలిసే చదివా. ఈసారి ఆ మనిషి నోట్లోంచి వచ్చే ప్రతి మాటా వేరేగా వినిపించింది. చదవకపోతే అది కూడా తప్పక చదవండి.

ఒక గోడు కూడా ఇక్కడే వెళ్లబోసుకుంటా. మన దగ్గర మిస్టరీకి సరుకు తక్కువేం లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, సాగర్ కాలువ నీళ్ల తగాదాలు, హైవే పక్కన ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన రిజిస్ట్రేషన్లు, ముంబై వలస పోయి తిరిగిరాని పాలమూరు మనుషులు. వీటి మీద తెలుగులో గట్టి నేరపరిశోధన నవల నాకింకా దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, వెంటనే తెప్పించుకుంటా.

ఇక ఇప్పటి నవలలు. వీటిని వేరే అరలో పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. ఈమధ్య నాకు ఊపిరాడనివ్వని టెన్షన్ దొరికింది మిస్టరీల్లో కాదు, 'పైర్'లో. తమిళంలో 2013లో వచ్చిన నవల, ఇంగ్లీషు అనువాదం 2023లో అంతర్జాతీయ బుకర్ (అనువాద పుస్తకాలకిచ్చే బహుమతి) లాంగ్‌లిస్టులో ఉంది. కుమరేశన్ సోడా వ్యాపారం నేర్చుకోవడానికి పట్నం పోయి, సరోజను ప్రేమించి పెళ్లి చేసుకుని సొంతూరికి తీసుకొస్తాడు. పిల్లది ఏ కులమో మాత్రం ఎవరికీ చెప్పడు. బండ మీద కట్టిన గుడిసె, ఎండ, అత్త శాపనార్థాలు. అత్త ఏడుస్తూ తిడుతూ రాగం తీస్తుంటే ఊళ్లో జనం ఒక్కొక్కరే వచ్చి కొత్త కోడల్ని చూసిపోతుంటారు. 'మీవాళ్లు ఎవరు?' అనే ప్రశ్న రకరకాలుగా అడుగుతారు. ఏ డిటెక్టివ్ విచారణలోనూ నేను అంత భయపడలేదు. పైర్ అంటే చితి, ఏం జరగబోతోందో పేరులోనే ఉంది. తెలిసి కూడా చదువుతాం.

మా నల్గొండ జిల్లావాళ్లకు ఈ పుస్తకం చదవడం తేలిక కాదు. 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ఒక యువకుణ్ని, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. కులం తక్కువవాణ్ని చేసుకుందన్న కారణంతో. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. అప్పుడు మా వీధిలో జనం ఏం మాట్లాడుకున్నారో నాకు గుర్తుంది. చంపింది తప్పంటూనే, చివర 'కానీ' అని ఒక మాట కలిపేవాళ్లు. పెరుమాళ్ మురుగన్ నవలంతా ఆ 'కానీ' అనేవాళ్లతో నిండి ఉంటుంది. లోపమంటే ఒక్కటే: కుమరేశన్ మొండి నమ్మకం ఒక్కోచోట విసుగు తెప్పిస్తుంది, కళ్ల ముందు కనబడుతున్నది ఇంతకాలం చూడకుండా ఉంటాడా అనిపిస్తుంది. బయట అట్లాంటి పిల్లల్ని చూశాక ఆ విసుగు తగ్గింది.

'ఘాచర్ ఘోచర్' కన్నడం నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన చిన్న పుస్తకం. బెంగళూరులో ఇరుకింట్లో చీమలతో యుద్ధం చేస్తూ బతికిన కుటుంబం. చిక్కప్ప (అంటే బాబాయి) మసాలా వ్యాపారం కలిసొచ్చి పెద్దింటికి మారతారు. డబ్బు తెచ్చే చిక్కప్ప చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటుంది. ఆయనకు ఏ వేళకు ఏం కావాలో అందరికీ తెలుసు. ఒకరోజు ఆయన కోసం కూర వండుకుని ఒకామె గుమ్మం ముందుకు వస్తుంది. ఇంటి ఆడవాళ్లు ఏకమై ఆమెను తిట్టి తరిమేస్తారు. ఆమె ఎవరు, ఆయనకు ఏమవుతుంది, ఎవరూ అడగరు. అడిగితే కూర్చున్న కొమ్మ విరుగుతుంది మరి. కథ చెప్పే కొడుకు పనీపాటా లేకుండా కాఫీ హౌస్‌లో కూర్చుని మనకు ఇదంతా చెప్తుంటాడు, చెప్పకుండా తప్పించుకుంటుంటాడు. చివర ఏం జరిగిందో రచయిత చెప్పడు. కానీ చివరి పేజీ అయ్యాక మీకు వెన్నులో వణుకొస్తుంది. శవం కనిపించని మిస్టరీ ఇది. ముగింపు అర్థం కాలేదని కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం రెండోసారి చదవగానే అంతా అక్కడే ఉందనిపించింది. రానూపోనూ ఒక్క రోజు ప్రయాణంలో అయిపోవచ్చు.

'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' కూడా చిన్నదే, 2021ది. ఐర్లండ్‌లో 1985 క్రిస్మస్ ముందు రోజులు. బొగ్గు అమ్ముకునే ఫర్లాంగ్ అనే అతను చర్చివాళ్ల మఠానికి బొగ్గు వేయడానికి పోతే, బొగ్గు కొట్టంలో ఒక అమ్మాయిని తాళం వేసి పెట్టిన సంగతి బయటపడుతుంది. పెళ్లికాకుండా తల్లులైన ఆడపిల్లలను అట్లాంటి చోట్ల ఉంచి బట్టలుతికించేవాళ్లు. ఆ వ్యవస్థ నిజంగానే ఉండేది, చివరిది 1996లో మూతబడింది. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే స్కూళ్లు వాళ్లవి, పలుకుబడి వాళ్లది. ఐదుగురు ఆడపిల్లల తండ్రి ఏం చేస్తాడు? అంతే కథ. మామూలు నవల మొదలయ్యే చోట ఇది ముగుస్తుంది. అది కొందరికి నచ్చదు. నాకైతే ఇంకో పేజీ కూడా వద్దనిపించింది.

గీతాంజలి శ్రీ 'టూంబ్ ఆఫ్ శాండ్' 2022లో అంతర్జాతీయ బుకర్ తెచ్చుకుంది కదా అని అడుగుతారేమో. ఎనభై ఏళ్ల పెద్దావిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, ఒకరోజు లేచి, చివరికి సరిహద్దు దాటి పాకిస్తాన్ పోతుంది. పాకిస్తాన్ భాగం చాలా బాగుంది. అక్కడిదాకా రావడానికి ఓపిక కావాలి, తలుపులు, కాకులు, పక్కదార్లు చాలా ఉన్నాయి. బస్సులో చదివే పుస్తకం కాదు, వేసవి సెలవులకు దాచుకోండి. బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్' (2025 అంతర్జాతీయ బుకర్) నవల కాదు, కథలు. ఒక ప్రయాణానికి ఒక కథ, మీకు సరిగ్గా సరిపోతుంది. అయితే వరుసగా చదవకండి, బాధలు ఒకదాని మీద ఒకటి పడి బరువెక్కుతాయి.

కొనేముందు ఒక జాగ్రత్త. ఫుట్‌పాత్ మీద తక్కువకు దొరికే కొత్త ఇంగ్లీషు నవలల్లో దొంగ అచ్చులు చాలా ఉంటాయి. వాటిలో ఒక ఫారం రెండుసార్లు రావడం, ఒకటి అసలు లేకపోవడం మామూలే. వేరే పుస్తకమైతే సర్దుకుంటాం, మిస్టరీలో పదహారు పేజీలు పోతే ఇక చదవడం దేనికి. పేజీ నంబర్లు చివరిదాకా చూసుకుని తీసుకోండి, చివరి పేజీ మీద మాత్రం కన్ను వేయకండి. పాత అసలు కాపీ మాసిపోయినా నయం. కిండిల్ యాప్‌లో శాంపిల్ ఉచితంగా వస్తుంది, ముందు అది చదివి మీ ఇంగ్లీషుకు అందుతుందో లేదో చూసుకోవచ్చు.

ఇక మీ అమ్మ సంగతి. ఒకప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవలలు వదలకుండా చదివేదని రాశారు. ఆ తరం ఆడవాళ్లే మా షాపును నిలబెట్టారు. వాళ్లకు బరువైనవి ఎక్కవని అనుకునేవాళ్లు వాళ్లతో ఎప్పుడూ పుస్తకాల గురించి మాట్లాడి ఉండరు. అందుకే 'మునెమ్మ' అంటున్నా. రాసిన కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు రోగుల డాక్టరుగా పనిచేశాడు. కథ మాత్రం మీరు వెతుకుతున్న జాతిదే. మునెమ్మ మొగుడు జయరాముడు గిత్తను అమ్మడానికి సంతకు తోలుకుపోతాడు. కొన్నాళ్లకు గిత్త ఒక్కటే ఇంటికి తిరిగొస్తుంది, మనిషి రాడు. మునెమ్మ ఎవరినీ బతిమాలదు. ఆ గిత్తను, చినబ్బ అనే మరిది వరసైన పిల్లాణ్ని వెంటబెట్టుకుని, ఏం జరిగిందో తేల్చుకోవడానికి తనే బయలుదేరుతుంది. చదువు లేదు, పోలీసు లేదు, ఊరూరా అడుగుతూ పోవడమే. యుగంధర్‌కు ఏమాత్రం తీసిపోని పరిశోధన.

గిత్తకూ మునెమ్మకూ ఉన్న అనుబంధం దగ్గర కొందరు ఇబ్బంది పడ్డారు, వాదోపవాదాలు కూడా జరిగాయి. అమ్మకు ఇచ్చేముందు మీరొకసారి చదవండి, చిన్నదే. చిత్తూరు యాస మొదట్లో కొంచెం అడ్డం పడుతుంది. మా షాపుకొచ్చే ఒకామెకు కేశవరెడ్డి పుస్తకం ఇస్తే, 'ఇదేం తెలుగమ్మా' అని మర్నాడే తెచ్చిచ్చింది. అక్కడే కుర్చీ వేసి మొదటి పేజీలు గట్టిగా చదివి వినిపించా, మళ్లీ తీసుకుపోయింది. మీరూ మొదటి అధ్యాయం అమ్మకు పైకి చదివి వినిపించండి, చెవికి ఒకసారి పట్టిందంటే మిగతాది ఆమే చదువుకుంటుంది. తర్వాత ఏమివ్వాలో ఆమెకు ఏం నచ్చిందో చూసి రాయండి, చెప్తా.